చలువ పెట్టె ఎక్కని మెట్ట నిమ్మ

ఒకే జిల్లా. తూర్పున చెరువులోంచి తీసిన రొయ్య మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో అమెరికా వెళుతుంది. పడమట చెట్టు మీంచి కోసిన నిమ్మ, లారీలో పట్టా కింద ఉడికిపోతూ ఢిల్లీ చేరుతుంది. ఉదయగిరి కొండ నుంచి కృష్ణపట్నం రేవు దాకా... చలువ ఉన్న చోటు, లేని చోటు!

నెల్లూరు నుంచి పడమటికి వంద కిలోమీటర్లు వెళితే వెలుగొండలు అడ్డం వస్తాయి. ఆ కొండల ఒడిలో ఉదయగిరి. దుర్గం ఎత్తు 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఈ కోట కింద ఏడాదికి పైగా మకాం వేస్తేగానీ 1514లో అది చేతికి చిక్కలేదు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని వెంట తీసుకెళ్లి, దానికోసం హంపీలో ఏకంగా ఓ గుడి కట్టించాడు. ఉదయగిరి నుంచి దూరం వెళ్లి పేరు తెచ్చుకున్న వాటిలో చరిత్రకెక్కినది అదే మొదటిదేమో! ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. రాయి కనక ఎండకూ వానకూ తట్టుకుంది.

ఆ తర్వాత కూడా ఈ మెట్ట ప్రాంతం నుంచి బయటి దేశాలకు వెళ్లినవన్నీ ఎండకు తట్టుకునేవే. మర్రిపాడు మండలం డీసీపల్లిలో, కలిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. వేలం రోజుల్లో ఆ ఊళ్లలో ఎటు చూసినా పొగాకు చెక్కులే. ఆకును బ్యారన్లో కాల్చి, ఆరబెట్టి, చెక్కు కట్టేస్తే ఇక ఓడెక్కించడానికి తొందరేమీ లేదు. ఉదయగిరి చెక్క గరిటెలూ అంతే. కొండ మీది నార్ది, కల్ది, బిక్కి, దేవదారు కర్రలతో ఇక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెక్కుతున్న గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాటినీ ఏ అట్టపెట్టెలో పెట్టి ఎక్కడికి పంపినా చెడిపోవు.

మరి నిమ్మకాయ?

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల బోర్ల కింద నిమ్మ, బత్తాయి, మామిడి తోటలున్నాయి. వానలు సరిగా పడని నేల. ఉదయగిరి వైపు కొన్ని ఊళ్లలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్. వరి వేయడానికి నీళ్లు చాలవు గనక చెట్టును నమ్ముకున్నారు. నిమ్మ చెట్టు నమ్మకద్రోహం చేసేది కాదు, ఏడాదికి రెండు మూడు విడతలు కాస్తుంది. అయితే అది కాసే వేళ ఒకటి, జనం అడిగే వేళ ఇంకొకటి. 2022 వేసవిలో దేశమంతా నిమ్మకాయ గురించే మాట్లాడుకుంది. నగరాల్లో కిలో రెండొందలు దాటింది. దిష్టి తీయడానికి కూడా జనం వెనకాడారని జోకులు పేలాయి. అదే నిమ్మ వానాకాలంలో కోత కూలి కూడా రాక చెట్టు కిందే రాలిపోయిన ఏళ్లు మెట్ట రైతుకు లెక్కలేనన్ని. నాలుగు వారాలు కాయను ఆపుకోగలిగితే ఆ రెండు ధరల మధ్య ఎక్కడో ఒకచోట రైతు నిలదొక్కుకుంటాడు. ఆపుకోవాలంటే చలువ కావాలి.

కోసిన కాయ ఊపిరి పీలుస్తుంది

కాయ కోస్తే చచ్చిపోయిందనుకుంటాం. కాదు. చెట్టు నుంచి వేరుపడ్డాక కూడా అది గాలి పీల్చుకుంటూనే ఉంటుంది. తనలోని తేమను, తీపిని, పులుపును ఖర్చు పెట్టుకుంటూనే బతుకుతుంది. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు రెండింతలో మూడింతలో అవుతుంది. నలభై డిగ్రీల ఎండలో కోసిన కాయ, తన ఒంట్లోనే వేడి మోసుకుని వస్తుంది. దీన్ని పొలం వేడి అంటారు. శీతల గిడ్డంగిలో పెట్టే ముందు ఈ వేడిని లాగేయాలి. ఆ పని కోసిన కొద్ది గంటల్లోనే జరగాలి. ఇది జరగకపోతే తర్వాత ఎంత ఖరీదైన ఏసీ పెట్టెలో పెట్టినా పోయిన ఆయుష్షు తిరిగిరాదు.

పోనీ, ఫ్రిజ్‌లో పెట్టినట్టు బాగా చల్లగా పెట్టేద్దామా అంటే దానికీ నిమ్మ ఒప్పుకోదు. ఎనిమిది నుంచి పది డిగ్రీల మధ్య, గాల్లో తేమ బాగా ఉండేలా చూస్తే ఆరు వారాల పైనే నిగనిగలాడుతుంది. అంతకన్నా దిగితే తొక్క మీద గుంటలు పడతాయి, గోధుమరంగు మచ్చలొస్తాయి. ఇళ్లలో ఫ్రిజ్ వెనక గోడకు ఆనుకున్న నిమ్మకాయలకు మచ్చలు రావడం ఇల్లాళ్లు చూసే ఉంటారు. అది కుళ్లు కాదు, చలి దెబ్బ.

అంటే నిమ్మకు కావలసింది గడ్డకట్టించే చలి కాదు, వెలుగొండ మీద మార్గశిర మాసపు తెల్లవారుజాములాంటి చలువ. అది తోట నుంచి, ప్యాకింగ్ షెడ్డు, లారీ, రేవు, ఓడ, అవతలి దేశపు దుకాణం దాకా ఎక్కడా తెగకూడదు. కోల్డ్‌చైన్ అని దీనికి పేరు. గొలుసులో ఒక్క లంకె ఊడినా మిగతావన్నీ దండగే.

టీకాకు ఉంది, పాలకు ఉంది

మెట్టలో ఇలాంటి గొలుసే లేదనుకుంటే పొరపాటు. ఉంది, అదీ దశాబ్దాలుగా. పసిపిల్లలకు వేసే టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కడో తయారైన టీకా రాష్ట్ర గిడ్డంగికి, జిల్లాకు, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ప్రత్యేకమైన ఫ్రిజ్‌కు చేరుతుంది. టీకాలు వేసే రోజున ఏఎన్‌ఎం భుజాన నీలంరంగు డబ్బా వేసుకుని కొండకింది పల్లెకు బయల్దేరుతుంది. డబ్బా లోపల నాలుగు వైపులా నాలుగు ఐసు పలకలు. ఎన్నో టీకా సీసాల మీద ఓ చిన్న గుండ్రం, అందులో తెల్లటి చదరం ఉంటుంది. దారిలో వేడి తగిలితే చదరం నల్లబడుతూ పోతుంది. గుండ్రంతో సమానంగా నల్లబడిందా, ఆ సీసా పక్కన పెట్టేయాల్సిందే. చదువుకోని తల్లి కూడా గుర్తుపట్టగల చలువ కొలత అది. నిమ్మ బస్తాకు అలాంటి చీటీ ఒకటి అంటిస్తే పొదలకూరు చేరేలోపే నల్లబడిపోతుంది!

పాలకూ అంతే. గేదె పొదుగు నుంచి వచ్చిన వెచ్చటి పాలను ఊళ్లలోని శీతలీకరణ కేంద్రాల్లో నాలుగు డిగ్రీలకు దించి ట్యాంకర్లకు ఎక్కిస్తారు. పొద్దున, సాయంత్రం, ఏడాది పొడవునా పని ఉంటుంది గనక ఆ యంత్రం ఖర్చు గిట్టుబాటవుతుంది. నిమ్మకు అలా కాదు. నాలుగు నెలలు నిండుగా, మిగతా నెలలు ఖాళీగా ఉండే గిడ్డంగికి కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? గుంటూరులో మిర్చికి వరసగా శీతల గిడ్డంగులు వెలిశాయంటే ఎండుమిర్చి నెలల తరబడి నిలవుంటుంది, దాని మీద బ్యాంకు అప్పు కూడా పుడుతుంది. నిమ్మను నమ్మి అప్పిచ్చే బ్యాంకు తక్కువ.

ఆత్మకూరు మీదుగా రేవుకు

మెట్టకు రోడ్డు లేదనే మాటా చెల్లదు. ఆత్మకూరు నడిబొడ్డున నిలబడితే కాళ్ల కింద ఉన్నది 67వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు బొంబాయి రోడ్డు. కర్ణాటకలో హుబ్బళ్లి, బళ్లారి మీదుగా మన రాష్ట్రంలోకి వచ్చి, మైదుకూరు, బద్వేలు దాటి, కనుమ దిగి ఆత్మకూరు చేరుతుంది. అక్కడి నుంచి సంగం, బుచ్చిరెడ్డిపాలెం, నెల్లూరు మీదుగా పోయి కృష్ణపట్నం రేవు దగ్గర ఆగుతుంది. ఒకప్పుడు బళ్లారి ఇనుప ఖనిజం ఆ రేవు దారి పట్టింది.

ఈ దారి అందం కూడా చెప్పుకోదగ్గదే. ఆత్మకూరుకు ఓ పక్కన సోమశిల. 78 టీఎంసీల జలాశయం. కొండల మధ్య నీళ్లు నిండినప్పుడు చూడాలి, ఇది కరువు సీమేనా అనిపిస్తుంది. అక్కడ పట్టిన చేప ఐసు ముక్కల మధ్య తెర్మాకోల్ పెట్టెలో పడుకుని బయల్దేరుతుంది. సంగం దగ్గర 2022లో ప్రారంభమైన బ్యారేజీ. అది దాటితే మెట్ట అయిపోయినట్టే. రెండు వైపులా వరి పచ్చదనం, ఆపైన ఉప్పుగాలి, రొయ్యల చెరువులు. వంద కిలోమీటర్లలో దేశం మారినట్టుంటుంది.

చెరువు గట్టు నుంచే చలి మొదలు

నెల్లూరు రొయ్యకు ఈ చలువ విద్య ఊరికే అబ్బలేదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కోట్లు కురిపించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఆ కోట్లన్నీ ఊడ్చుకుపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువులపై కఠినమైన తీర్పునిచ్చింది. 2009లో వనామీ రకానికి అనుమతి దొరికాక మళ్లీ చెరువులు కళకళలాడాయి. ఇన్ని దెబ్బల మధ్య బతికి బట్టకట్టిన పరిశ్రమ, సరుకు పాడైతే ఎంత నష్టమో ఒంటబట్టించుకుంది.

పట్టుబడి ఎక్కువగా చల్లటి వేళల్లోనే ఉంటుంది. వల నుంచి తీసిన రొయ్యను ఐసు నీళ్లలో ముంచడంతో మొదలు. ఎంత రొయ్యో ఇంచుమించు అంత ఐసు. ఫ్యాక్టరీకి చేరాక కడగడం, తల తీయడం, పొట్టు ఒలవడం, నరం లాగడం... ఈ పనుల్లో ఎక్కువమంది మహిళలే, చల్లటి గదుల్లో గ్లవ్స్, టోపీలతో గంటల తరబడి నిలబడి చేస్తారు. తర్వాత సైజు ప్రకారం వేరు చేస్తారు. చెరువు గట్టున కౌంటు అంటే కిలోకు ఎన్ని అని. ఎగుమతి పెట్టె మీద పౌనుకు ఎన్ని అని. కొత్తగా చూసేవాళ్లు ఇక్కడ తికమక పడుతుంటారు.

అసలు కిటుకు గడ్డకట్టించడంలో ఉంది. మైనస్ నలభై డిగ్రీల దగ్గర, వీలైనంత వేగంగా గడ్డకట్టించాలి. నెమ్మదిగా చేస్తే రొయ్య లోపలి నీరు పెద్ద పెద్ద మంచు పలుకులై కండను కోసేస్తుంది. కరిగించినప్పుడు రసమంతా కారిపోయి, వండితే పీచులా తయారవుతుంది. ఇంట్లో డీప్‌ఫ్రిజ్‌లో పెట్టిన చేప రుచి తగ్గేది ఇందుకే. గడ్డకట్టాక పలుచటి మంచు పూత వేసి, అట్టపెట్టెల్లో సర్ది, మైనస్ పద్దెనిమిదికి పైకి రాకుండా చూస్తారు.

ఇక రీఫర్ కంటైనర్. నలభై అడుగుల పొడవున్న ఈ తెల్లటి పెట్టె పెద్ద ఫ్రిజ్ అనుకుంటారు చాలామంది. నిజానికి అది సరుకును చల్లబరచదు. లోపల పెట్టిన చలిని కాపాడుతుందంతే. వెచ్చటి సరుకు ఎక్కిస్తే వెచ్చగానే దిగుతుంది. రోడ్డు మీద జనరేటర్, రేవులో కరెంటు ప్లగ్గు, ఓడలో మళ్లీ ప్లగ్గు. దారి పొడవునా లోపలి చలి ఎంతుందో పెట్టె తనే రాసుకుంటూ పోతుంది. అవతల కొన్నవాడు తలుపు తీయకముందే ఆ లెక్క చూస్తాడు. మధ్యలో ఏ అర్ధరాత్రో కరెంటు పోయిన సంగతి దాచడం ఎవరి తరమూ కాదు. ఇక యాంటీబయాటిక్స్ జాడ కనిపిస్తే యూరప్ మొత్తం సరుకును వెనక్కి పంపుతుంది. అక్కడ దిగే మన రొయ్యల్లో సగం పెట్టెలను పరీక్షించాలని 2016లో నిబంధన పెట్టారు.

ఇంత కష్టానికీ ఫలితం ఉంది. ఎంపెడా లెక్కల ప్రకారం 2023-24లో మన దేశం నుంచి 7.16 లక్షల టన్నుల గడ్డకట్టిన రొయ్య ఎగుమతైంది. విలువ 40 వేల కోట్ల రూపాయల పైమాటే. అంటే కిలోకు సగటున 560 రూపాయలు. నిమ్మ కథ ఎక్కడ ఆగిపోతుందో ఈ అంకెలో ఉంది. కంటైనర్ బాడుగ లోపలున్నది రొయ్యా నిమ్మా అని పెద్దగా తేడా చూడదు. 560 రూపాయల సరుకు మోసే ఖర్చును మామూలు రోజుల నిమ్మ మోయలేదు.

రొయ్యకైనా దారి సాఫీగా ఉందనుకోవద్దు. 2012లో కృష్ణపట్నంలో కంటైనర్ టెర్మినల్ మొదలైనప్పుడు జిల్లా ఎగుమతిదారులు సంబరపడ్డారు. 2024 మొదట్లో అక్కడ కంటైనర్ నౌకల రాకపోకలు ఆగిపోయాయి. పాతిక కిలోమీటర్ల చిల్లర దూరంలో ఓడెక్కాల్సిన పెట్టెలు నూట డెబ్బై కిలోమీటర్ల పైన ఉన్న చెన్నై వైపు మళ్లాయి. దారి పొడవునా జనరేటర్ డీజిల్ అదనం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా కొస చుట్టి వెళ్లాల్సి వచ్చింది. ప్రయాణం పది, పన్నెండు రోజులు పెరిగింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా చెరువు గట్టు మీదే పడింది.

అమెరికా ఐసు మద్రాసులో...

రెండు శతాబ్దాల కిందట చలువ ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు వచ్చేది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐసుతో కలకత్తాకు బయల్దేరింది. చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి పంపిన సరుకది. నాలుగు నెలల ప్రయాణంలో, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి కూడా వంద టన్నుల దాకా మిగిలింది! ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. మద్రాసులోనూ ఆయన ఐసు దాచడానికి 1842లో ఓ భవనం లేచింది. నెల్లూరు వాళ్లు చెన్నై వెళ్లినప్పుడల్లా బస్సు కండక్టర్ నోట వినే ఐస్‌హౌస్ అదే. 1897లో వివేకానందుడు అక్కడే బస చేశారు.

యంత్రంతో చలి పుట్టించి ఆహారాన్ని సముద్రం దాటించడం ఆ తర్వాతి మాట. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి దాదాపు అయిదు వేల గొర్రెల మాంసంతో బయల్దేరి, 98 రోజులకు లండన్ చేరింది. పాడైంది ఒకే ఒక్కటి. ఆ ఒక్క ప్రయాణంతో న్యూజిలాండ్ రైతు జాతకమే మారిపోయింది. అంతకుముందు అక్కడ గొర్రెకు ఉన్నికి తప్ప విలువ లేదు.

మెట్ట నిమ్మకు అలాంటి ఓడ ఎందుకు రాలేదు?

చలువ ఒక్కటే కారణం కాదు

ధర సంగతి చూశాం. రెండోది గజ్జి తెగులు. మన నిమ్మ తొక్క మీద కనిపించే ఆ గోధుమరంగు పొక్కులు కాయ రుచిని చెడగొట్టవు. కానీ అవి ఉన్న కాయను యూరప్ గుమ్మం తొక్కనివ్వదు, తమ తోటలకు అంటుకుంటుందని భయం. మన కాగ్జీ నిమ్మకు ఈ తెగులు ఇట్టే సోకుతుంది. 'బాలాజీ' రకం కొంత తట్టుకుంటుంది. కానీ పాత తోటలు తీసి కొత్తవి వేస్తే కాపుకొచ్చేదాకా నాలుగేళ్లు ఇల్లు గడవాలి కదా!

మూడోది తొక్క. మెక్సికో, బ్రెజిల్ ప్రపంచానికి అమ్మే నిమ్మ వేరే జాతి. పెద్దది, గింజలుండవు, తొక్క మందం. ఓడ ప్రయాణానికి పుట్టినట్టే ఉంటుంది. మనది పలుచటి తొక్క, నిండా రసం, ఘాటైన వాసన. పచ్చడికి, పులిహోరకు దాని ముందు ఏదీ నిలవదు. కానీ దూరం వెళితే వాడిపోతుంది. రుచికి పనికొచ్చే గుణమే ప్రయాణానికి అడ్డం కావడం ఒక్క నిమ్మకే కాదు, మన చాలా పళ్లకు ఉన్న తంటా. బంగినపల్లి మామిడి అమెరికా వెళ్లాలన్నా 2007 నుంచి ముందు రేడియేషన్ కేంద్రానికి వెళ్లి రావాల్సిందే.

మిగిలింది గల్ఫ్. దూరం తక్కువ, నిబంధనలూ కొంచెం సులువు, పైగా మన రుచి తెలిసిన జనం. పడమటి మండలాల నుంచి కువైట్, దుబాయ్ వెళ్లిన కుటుంబాలు ఎన్నో. అక్కడి దుకాణంలో నిమ్మకాయ ఏరుకునే ఆత్మకూరు మనిషికి అది ఏ దేశపు కాయో పెట్టె మీది చీటీ చూస్తేగానీ తెలియదు. ఇంటి నుంచి ఆ మనిషికి అందుతున్నది మాత్రం నిమ్మకాయ ఊరగాయే. ఉప్పు, కారం, నూనె, ఎండ... ఫ్రిజ్ లేని కాలంలో మన అమ్మమ్మలు కనిపెట్టిన నిలవ పద్ధతి. చలువ అక్కర్లేకుండానే సముద్రాలు దాటుతుంది. నెల్లూరు వీధుల్లో కొరియర్ దుకాణాలు నడిచేది ఈ జాడీల పుణ్యమే. చేపల పులుసు సంగతే పాపం, మర్నాటికి రుచి పెరుగుతుంది గానీ మూడోనాటికి ఆగదు.

కాబట్టి గల్ఫ్‌కో, కనీసం ఢిల్లీకో కాయ తాజాగా చేరాలంటే ముందు కావలసింది పెద్ద పెద్ద గిడ్డంగులు కాదు. తోటకు దగ్గర్లో పొలం వేడి లాగే ఓ గది, గ్రేడింగ్ షెడ్డు, పది డిగ్రీల్లో నడిచే లారీ. కేంద్రం 2020లో పెట్టిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద ఇలాంటి వాటికి రెండు కోట్ల దాకా అప్పు మీద వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. ఉద్యాన పథకాల్లో సబ్సిడీ కూడా ఉంది. ఒక్క రైతుకు అయ్యే పని కాదు, పదిమంది కలవాలి. కలిసినా నిమ్మ లేని నెలల్లో ఆ గదిలో బత్తాయో, మామిడో, కూరగాయలో ఏదో ఒకటి ఉండేలా చూసుకోవాలి.

అంతవరకూ ఆగలేని వాళ్లకు ఓ చవక ఉపాయం ఉంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980లలో చెప్పిన ఇటుకల గది. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో మూడంగుళాల సందు, అందులో ఇసుక. పొద్దున, సాయంత్రం ఆ ఇసుకను తడపాలి, పైన తడి గోతం కప్పాలి. కరెంటుతో పనిలేదు. పొడి ఎండల్లో లోపల పది, పదిహేను డిగ్రీలు తగ్గుతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. గాల్లో తేమ ఎక్కువుండే కోస్తాలో ఇది అంతగా పనిచేయదు. ఉదయగిరి లాంటి పొడి గాలికి బాగా పనిచేస్తుంది. కాయను నెలలు దాచలేకపోవచ్చు, కానీ కోసిన కాయ లారీ వచ్చేదాకా ఎండలో మాడకుండా కాపాడుతుంది. ఇటుకలు ఊళ్లో కాలుస్తారు, ఇసుకకు పెన్న ఉండనే ఉంది.

పొదలకూరు మార్కెట్లో కాయల బస్తాలు లారీకి ఎక్కించి, పైన పట్టా కట్టి, పొద్దుగుంకాక బయల్దేరదీస్తే కాయకు దొరికే చలువ రాత్రి గాలి ఒక్కటే. చెన్నైకి వెళ్లేది తెల్లారేలోగా చేరిపోతుంది. ఢిల్లీకి వెళ్లేదానికి ఇంకా రెండు, మూడు పగళ్ల ఎండ మిగిలే ఉంటుంది.